సర్క్యూట్ బోర్డు పలక: చేతి తొడుగు కాపాడేది బోర్డునా, చేతినా?

సెల్‌ఫోను, టీవీ, విద్యుత్ మీటరు, వాషింగ్ మెషీను - దేన్ని విప్పి చూసినా లోపల ఒక ఆకుపచ్చ పలక కనిపిస్తుంది. ఆ పచ్చదనం పైపూత మాత్రమే. దాన్ని గీకివేస్తే బయటపడేది లేత పసుపు ఛాయ గల, గాజు దారంతో నేసి రెసిన్‌తో గట్టిపరిచిన ఒక బిళ్ల. దానికి రెండు వైపులా రాగి రేకు అతికించి ఉంటే పరిశ్రమ దాన్ని కాపర్ క్లాడ్ ల్యామినేట్ అంటుంది. రాగి తాపడం చేసిన పలక అని తెలుగులో చెప్పుకోవచ్చు. సర్క్యూట్ బోర్డుకు ఇదే ముడిసరుకు. దేశంలో బోర్డులు చేసే కర్మాగారాలు దశాబ్దాలుగా ఉన్నా, ఈ పలక మాత్రం చాలావరకు విదేశాల నుంచే వస్తోంది.

ఆ పరిస్థితి మారబోతోంది. ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2025 మార్చి 28న రూ.22,919 కోట్ల వ్యయంతో ఆమోదం తెలిపింది. అదే ఏడాది అక్టోబరు 27న తొలి విడతగా రూ.5,532 కోట్ల విలువైన 7 ప్రాజెక్టులను ఎంపిక చేశారు. వాటిలో 5 తమిళనాడుకు, ఒకటి మధ్యప్రదేశ్‌కు, ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు దక్కాయి. బహుళ పొరల బోర్డులతో పాటు రాగి తాపడం పలకల తయారీ కూడా ఆ జాబితాలో ఉంది. ఈ పలకలకు దేశంలో ఉన్న గిరాకీ మొత్తం ఇకపై ఇక్కడి ఉత్పత్తితోనే తీరుతుందని కేంద్రం అప్పుడు ప్రకటించింది.

పెట్టుబడి ఎంత, ఉద్యోగాలు ఎన్ని అనే లెక్కలు వార్తల్లో వస్తూనే ఉన్నాయి. ఆ పలకను పట్టుకునే, కోసే, తొలిచే, వేడిచేసే మనిషి సంగతి మాత్రం అంతగా చర్చకు రాలేదు. పూర్తిగా తయారై అరలో ఉన్న పలక దాదాపు నిరపాయకరమైనదే. అదే పలక తయారవుతున్నప్పుడు ఒక రకంగా, కోతకు గురైనప్పుడు మరో రకంగా, కాలినప్పుడు ఇంకో రకంగా ప్రవర్తిస్తుంది. కాబట్టి ‘ఇది ప్రమాదకరమా?’ అని అడిగితే సూటి సమాధానం దొరకదు. ‘ఏ దశలో, ఎవరికి?’ అని అడగాలి.

మూడు పాకాల రెసిన్

ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్న పలక రకం పేరు ఎఫ్‌ఆర్-4. అమెరికాలోని విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం 1968లో ఈ పేరు పెట్టింది. ‘ఎఫ్‌ఆర్’ అంటే మంటను నిలువరించేది అని అర్థం. పాత రేడియోల్లో, చవక రిమోట్లలో కనిపించే గోధుమరంగు బిళ్ల వేరు. అది కాగితాన్ని ఫినాలిక్ రెసిన్‌లో తడిపి చేసినది. ఎఫ్‌ఆర్-4లో కాగితం స్థానంలో గాజు గుడ్డ, ఫినాలిక్ స్థానంలో ఎపాక్సీ రెసిన్ ఉంటాయి. సాధారణ పలక మందం 1.6 మిల్లీమీటర్లు. దానిపై రాగి పొర ఎక్కువగా 35 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో సుమారు సగం.

ఎపాక్సీ స్వభావం తెలియాలంటే బెల్లం పాకాన్ని తలచుకుంటే సరిపోతుంది. మొదట అది ద్రవం. వేడి తగిలేకొద్దీ ముదురుతుంది. ఒక దశలో ఆపితే తాకడానికి పొడిగా ఉన్నా, మళ్లీ వేడి తగిలితే కరిగి పారుతుంది. ఇంకా ముదిరితే గట్టిపడుతుంది. తేడా ఒక్కటే. గట్టిపడిన బెల్లాన్ని మళ్లీ కరిగించవచ్చు. పూర్తిగా ముదిరిన ఎపాక్సీ ఇక ఎన్నటికీ కరగదు, అతిగా వేడిచేస్తే మాడి విచ్ఛిన్నమవుతుంది. ఈ మూడు అవస్థలనే పరిశ్రమ ఏ, బీ, సీ దశలు అంటుంది. గాజు గుడ్డను రెసిన్ ద్రవంలో ముంచి, బీ దశ వరకు ఆరబెట్టి చుట్టగా చుడితే దాని పేరు ప్రీప్రెగ్. అలాంటి ప్రీప్రెగ్ పొరలను రాగి రేకుల నడుమ పేర్చి ప్రెస్‌లో వేడి, ఒత్తిడి ఇస్తే సీ దశ పలక సిద్ధమవుతుంది. కార్మికుడి ఆరోగ్యం దృష్ట్యా చూస్తే ఈ మూడూ మూడు వేర్వేరు పదార్థాలే.

ద్రావకాలు: వాసన చెప్పనిది

తొలి దశలో రెసిన్‌ను పల్చబరచడానికి అసిటోన్, మిథైల్ ఇథైల్ కీటోన్, డైమిథైల్ ఫార్మమైడ్ వంటి ద్రావకాలు వాడతారు. మిథైల్ ఇథైల్ కీటోన్ మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ వద్దే మండగల ఆవిరినిస్తుంది. దాని ఆవిరి గాలికంటే బరువు. నేల వెంబడి పాకి, దూరంగా ఉన్న నిప్పురవ్వను చేరగలదు. గాజు గుడ్డ ఆరే ఓవెన్లలో ఆవిరి సాంద్రత పేలుడు స్థాయిలో నాలుగో వంతుకు మించకుండా గాలి ప్రవాహాన్ని నియంత్రించే ఏర్పాటు, అన్ని లోహ భాగాలకూ ఎర్తింగ్ ఉండేది ఇందుకే. అగ్నిప్రమాదం కళ్లకు కనిపించే ముప్పు గనుక యాజమాన్యాలు, తనిఖీ అధికారులు దీన్ని సాధారణంగా పట్టించుకుంటారు.

డైమిథైల్ ఫార్మమైడ్ సంగతి అలా కాదు. రెసిన్‌ను గట్టిపరిచే డైసైయనడైఅమైడ్ అనే పొడి మామూలు ద్రావకాల్లో సరిగా కరగదు. ఈ ద్రావకం వాడకంలోకి వచ్చింది దాన్ని కరిగించడానికే. ఇది ఊపిరి ద్వారానే గాక చర్మం గుండా కూడా నేరుగా రక్తంలోకి చేరుతుంది. కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఇందులో పనిచేసేవారిలో వైద్యులు గుర్తించిన ఒక చిత్రమైన లక్షణం ఉంది: పని ముగించుకుని కొద్దిగా మద్యం తాగినా ముఖం ఎర్రబారి, ఒళ్లు వేడెక్కి, గుండె దడదడలాడుతుంది. మద్యాన్ని విరగ్గొట్టే ఎంజైము పనిని ఈ రసాయనం అడ్డుకోవడమే కారణం. ‘మందు పడలేదు’ అనుకుని ఊరుకునే ఆ సూచన నిజానికి ఒంట్లోకి ద్రావకం చేరుతోందన్న హెచ్చరిక.

అమెరికా నిబంధన ప్రకారం 8 గంటల పనిదినంలో గాలిలో దీని సగటు 10 పీపీఎం, అంటే ఘనపు మీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు మించరాదు. ఐరోపా సమాఖ్య 2023 డిసెంబరు 12 నుంచి అమలు చేస్తున్న ఆంక్ష ఇంకా కఠినమైనది: ఘనపు మీటరుకు 6 మిల్లీగ్రాములు. చర్మం ద్వారా చేరే మోతాదుకు కూడా అక్కడ విడిగా హద్దు పెట్టారు. అసలు ఈ ద్రావకమే అక్కర్లేని, ఫినాలిక్ రకం గట్టిపరిచే పదార్థాలు సీసరహిత టంకానికి తట్టుకునే పలకల కోసం ఇప్పటికే విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. కొత్తగా కర్మాగారం కడుతున్నవారికి ఉన్న సౌలభ్యం ఇదే. రేపు ముసుగులు పంచేకంటే ఈరోజు సూత్రీకరణను ఎంచుకోవడం తేలిక.

ఇక్కడ చేతి తొడుగుల విషయంలో జరిగే పొరపాటు సాధారణమైనది. ప్రయోగశాలల్లో, ఆసుపత్రుల్లో కనిపించే పల్చటి నైట్రైల్ తొడుగును డైమిథైల్ ఫార్మమైడ్, మిథైల్ ఇథైల్ కీటోన్ రెండూ నిమిషాల్లో దాటిపోతాయి. తొడుగు చిరగదు, రంగు మారదు. లోపలి చేయి మాత్రం తడుస్తుంది. ఈ రెండింటికీ తట్టుకునేది బ్యూటైల్ రబ్బరు.

ప్రీప్రెగ్: పొడిగా కనిపించే తడి

బోర్డు తయారీ కేంద్రాల్లో అత్యధికులు తాకేది ప్రీప్రెగ్‌నే. అది గుడ్డలా పొడిగా, లేత పసుపుగా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. అందువల్లనే అది రసాయనమన్న స్పృహ కలగదు. కానీ దానిలోని రెసిన్ ఇంకా బీ దశలోనే ఉంది. చుట్టను కోసినప్పుడు, పొరలను పేర్చినప్పుడు అంచుల నుంచి సన్నటి రెసిన్ పొడి రాలుతుంది. అది చెమట పట్టిన ముంజేతిపై, మెడపై, కనురెప్పలపై పేరుకుంటుంది.

ఎపాక్సీలోని చిన్న అణువులు, ముఖ్యంగా అణుభారం 340 ఉన్న మూలరూపం, చర్మంలోకి ఇంకి శరీర రక్షణ వ్యవస్థను రెచ్చగొట్టగలవు. రక్షణ పత్రాల్లో ఇలాంటి పదార్థాన్ని సెన్సిటైజర్ అంటారు. దీన్ని ‘సున్నితత్వం కలిగించేది’ అని తెలుగు చేసిన పత్రాలు కనిపిస్తుంటాయి. చదివినవారికి అది చర్మం మృదువవుతుందన్న భావన కలిగించినా ఆశ్చర్యం లేదు. ఇంతకంటే మంచి మాట జనం నోట ఎప్పటినుంచో ఉంది: ఒంటికి పడకపోవడం. వంకాయ పడనివారికి ఒక్క ముక్క చాలు. పడేవారికి పళ్లెం నిండా పెట్టినా ఏమీ కాదు. ఎపాక్సీ కూడా అంతే. నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఏమీ కాకుండా పనిచేసిన వ్యక్తికి ఒకరోజు వేళ్ల సందుల్లో దురద, పొక్కులు మొదలవుతాయి. ఆ తరువాత అతి స్వల్ప పరిమాణం తగిలినా మళ్లీ వస్తాయి. ఒకసారి పడకపోవడం మొదలైతే అది జీవితాంతం మిగిలే లక్షణం. మందుతో పొక్కులు తగ్గుతాయి, ఆ లక్షణం పోదు. ఎపాక్సీ తగలని మరో పనికి మారడం తప్ప చాలామందికి వేరే దారి ఉండదు.

బతుకుదెరువుతో ముడిపడిన అసలు సమస్య ఇదే. నాలుగైదేళ్లలో నేర్చుకున్న నైపుణ్యం దురదతో వృథా కావచ్చు. అందుకే పొక్కులు వచ్చాక చికిత్స అన్నది ఇక్కడ ఆలస్యమైన ఆలోచన; మొదటి పొడి చర్మాన్ని చేరకుండా చూడటమే పని.

బోర్డు పేర్చే గదిలోకి అడుగుపెట్టిన సందర్శకులకు అక్కడి పరిశుభ్రత ముచ్చటగొలుపుతుంది. తెల్లని కోట్లు, తలకు టోపీలు, చేతులకు తొడుగులు, చల్లని పొడి గాలి. అయితే ఈ ఏర్పాట్లన్నీ ఎవరి కోసం? వేలిముద్రలోని ఉప్పు, నూనె అంటితే రాగి రంగు మారుతుంది, పొరలు సరిగా అతకవు. వెంట్రుక పడితే లోపల గాలిబుడగ మిగులుతుంది. కాబట్టి తొడుగు బోర్డు కోసం. అలాంటి చోట తరచుగా ఇచ్చే నూలు తొడుగు వేలిముద్రను ఆపుతుంది గాని, రెసిన్ పొడిని ఆపదు. పైగా నేతలో ఇరికించుకుని పొద్దస్తమానం చర్మానికి రాస్తూ ఉంటుంది. నిల్వ నియమాలదీ ఇదే కథ. అంతర్జాతీయంగా బోర్డు పరిశ్రమ పాటించే ఐపీసీ-4101 ప్రమాణం ప్రకారం ప్రీప్రెగ్‌ను 23 డిగ్రీల లోపు, గాలిలో తేమ 50 శాతం లోపు ఉంచితే 90 రోజులు, 5 డిగ్రీల లోపు ఉంచితే 180 రోజులు నిల్వ ఉంటుంది. చల్లగదిలోంచి తీసిన చుట్టను గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు. విప్పితే మంచు పట్టిన గ్లాసులా తేమ పడుతుంది, ఆ తేమ టంకం వేసేటప్పుడు ఆవిరై పొరలను చీలుస్తుంది. ఈ నియమాలను కర్మాగారాలు తు.చ. తప్పకుండా పాటిస్తాయి. వాటి పక్కనే, అంతే శ్రద్ధతో, పనివారి చేతుల కోసం రాసిన నియమాలు కూడా ఉండాల్సింది.

అవి పెద్ద ఖర్చుతో కూడినవీ కావు. పొడి లేని నైట్రైల్ తొడుగు ప్రీప్రెగ్ పొడికి సరిపోతుంది. తడి ద్రావకం లేనిచోట నైట్రైల్‌కు అభ్యంతరం లేదు, చెమట పట్టినప్పుడల్లా మార్చాలి. ముంజేయి కప్పే పొడవు చేతుల చొక్కా కావాలి. కోసే బల్ల అంచునే పొడిని పీల్చే గొట్టం ఉండాలి. బల్లను చీపురుతో ఊడవడం గాని, గాలి గొట్టంతో ఊదడం గాని కూడదు. సన్నటి వడపోత గల వాక్యూమ్‌తో తీయాలి. సేంద్రియ పొడి గాలిలో లేస్తే మంట అంటుకునే వీలు కూడా ఉంది గనుక ఇది రెండందాలా మేలు. చేతులకు అంటిన రెసిన్‌ను వదిలించడానికి అసిటోన్ వాడే అలవాటు అన్నింటికంటే హానికరం. అది చర్మంలోని సహజమైన నూనెను తీసివేసి, రెసిన్ మరింత లోతుకు వెళ్లే దారి తెరుస్తుంది.

ప్రెస్ దశ గురించి చెప్పాల్సింది తక్కువ. సుమారు 170 నుంచి 190 డిగ్రీల వేడి, భారీ ఒత్తిడి, బరువైన ఉక్కు పలకలు. ఇక్కడి ప్రమాదాలు ఏ భారీ యంత్రాల కర్మాగారంలోనైనా ఉండేవే. తయారైన పలకల అంచులు, రాగి రేకు అంచులు బ్లేడంత పదును. ఈ ఒక్కచోట కోతను తట్టుకునే తొడుగు కావాలి. పెద్ద పలకను ఒక్కరే ఎత్తితే వంగి జారుతుంది గనుక ఇద్దరు పట్టుకోవడం మంచిది.

గాజు నూగు, దూలగొండి

గట్టిపడిన పలకలో రెసిన్ దాదాపు నిశ్చలం. ఇప్పుడు ఇబ్బంది గాజుతో మొదలవుతుంది. కోత రంపాలు, అంచులు చెక్కే రౌటర్లు, నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే డ్రిల్లు యంత్రాలు పలకను గాజు ముక్కలు, రెసిన్, రాగి కలిసిన దుమ్ముగా మారుస్తాయి. ఒక్కో బోర్డుకు వేల సంఖ్యలో రంధ్రాలు ఉండటం మామూలే.

కొత్తగా చేరినవారిని మొదట భయపెట్టేది దురద. పొలం గట్ల మీద దూలగొండి కాయ తగిలినవారికి ఆ అనుభవం తెలుసు. దూలగొండి నూగులో దురద పుట్టించే రసాయనం కూడా ఉంటుంది. గాజు నూగులో అది లేదు, కేవలం గుచ్చుకోవడమే. సుమారు 5 మైక్రాన్ల కంటే లావైన పీచు చర్మంలో గుచ్చుకుని దురద పుట్టిస్తుంది. బోర్డు గుడ్డలోని దారపు పోగులు సాధారణంగా 5 నుంచి 9 మైక్రాన్లు. ఈ దురద ఒంటికి పడకపోవడం కాదు, ముల్లు గుచ్చుకోవడం. దుమ్ము ఆగితే ఆగిపోతుంది. రెండింటికీ తేడా తెలియకపోతే, గాజు దురద అనుకుని ఎపాక్సీ పొక్కులను నెలల తరబడి భరించే ప్రమాదం ఉంది. ఒంటికి గాజు నూగు అంటినప్పుడు రుద్దడం, గోకడం పోగులను మరింత లోపలికి నెట్టడమే. ముందు చల్లని నీటి ధార పోసి, తరువాత సబ్బు వాడాలి. పని బట్టలను ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతికితే ఆ నూగు వాటికీ అంటుతుంది.

ఊపిరితిత్తుల సంగతేమిటి? గాజు పీచు అనగానే ఆస్బెస్టాస్ గుర్తుకొస్తుంది. ఈ పోలిక సరికాదు. ఆస్బెస్టాస్ పీచు నిలువునా చీలి, చీలినకొద్దీ మరింత సన్నబడుతుంది. గాజు పోగు అడ్డంగా విరుగుతుంది. ఎన్ని ముక్కలైనా దాని లావు అంతే ఉంటుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరగల పీచుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలత 3 మైక్రాన్ల కంటే సన్నగా, 5 మైక్రాన్ల కంటే పొడవుగా ఉండటం. బోర్డులో వాడే పోగు అంతకంటే లావు గనుక ఎక్కువభాగం ముక్కు, గొంతుల్లోనే ఆగిపోతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ తరహా అవిచ్ఛిన్న గాజు పోగును క్యాన్సర్ కారకంగా వర్గీకరించలేమని 3వ శ్రేణిలో ఉంచింది.

దీని అర్థం ఆ దుమ్మును పీల్చవచ్చని కాదు. గొంతు గరగర, ముక్కు నుంచి రక్తం చారలు, కళ్ల మంట, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం వాస్తవాలు. సన్నటి రెసిన్ రేణువులు గాజు కంటే లోతుకు వెళ్లగలవు. అందుకే డ్రిల్లు మొన చుట్టూ బిగించిన పీల్పుడు గొట్టమే అసలైన రక్షణ. అది పనిచేస్తున్నంతవరకు ముసుగు అవసరం దాదాపు ఉండదు. అది మూసుకుపోయినప్పుడు, దుమ్ము సంచి మార్చేటప్పుడు, యంత్రం లోపల శుభ్రం చేసేటప్పుడు మాత్రం ఎన్95 స్థాయి ముసుగు, కళ్లద్దాలు తప్పనిసరి. యంత్రం నడిపే వ్యక్తి కంటే, షిఫ్టు ముగిశాక వచ్చి సంచి దులిపే కాంట్రాక్టు కార్మికుడికే ఎక్కువ దుమ్ము తగిలే అవకాశం ఉంది. చాలాచోట్ల శిక్షణ జాబితాలో అతని పేరు ఉండదు.

జేబులో బీడీ కట్ట

రాడార్లు, ఉపగ్రహ సమాచార పరికరాలు, టెలికాం టవర్లలో అధిక పౌనఃపున్యానికి ఎఫ్‌ఆర్-4 సరిపోదు. అక్కడ ఎపాక్సీ స్థానంలో టెఫ్లాన్‌గా ప్రసిద్ధమైన పీటీఎఫ్‌ఈ పలకలు వాడతారు. రక్షణ, అంతరిక్ష పరికరాల తయారీ బలంగా ఉన్న హైదరాబాద్, బెంగళూరు ప్రాంతాల వారికి ఈ పలక కొత్తది కాదు.

పీటీఎఫ్‌ఈ దుమ్ము చేతికి అంటినా చర్మానికి ఏమీ చేయదు. అయితే ఆ చేతితో బీడీ గాని సిగరెట్టు గాని ముట్టిస్తే కథ మారుతుంది. వెలిగే కొన దగ్గర వేడి 600 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి దుమ్ము విచ్ఛిన్నమై వెలువడే పొగను పీల్చినవారికి కొన్ని గంటల్లో చలి, జ్వరం, ఛాతీ బిగుతు, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి. వైద్యులు దీన్ని పాలిమర్ పొగ జ్వరం అంటారు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది గనుక ఫ్లూ అనో, మలేరియా అనో భ్రమపడటం సులభం. పీటీఎఫ్‌ఈ కోసే చోటికి పొగాకు అసలు తీసుకురావద్దని, కేవలం తాగకుండా ఉంటే చాలదని నియమం పెట్టడానికి కారణం ఇదే. జేబులో ఉన్న కట్టపైనా దుమ్ము పడుతుంది.

కత్తిరింపులు ఎక్కడికి పోతాయి?

పలక అగ్గికి లొంగకుండా చేసేది బ్రోమిన్. టెట్రాబ్రోమోబిస్ఫినాల్-ఏ అనే పదార్థాన్ని రెసిన్ అణువులోనే కలిపివేస్తారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో సమీక్షించిన పదార్థాల్లో ఇది, పైన చెప్పిన డైమిథైల్ ఫార్మమైడ్ రెండూ ఉన్నాయి. రెండూ ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే 2ఏ శ్రేణిలో చేరాయి. ఎర్ర మాంసం కూడా అదే శ్రేణిలో ఉంది. ఆ వర్గీకరణ చెప్పేది ఆధారాల బలం గురించి, ముప్పు పరిమాణం గురించి కాదు. తయారైన పలకలో ఈ బ్రోమిన్ రెసిన్‌తో రసాయనికంగా బంధించి ఉంటుంది, తాకితే రాలేది కాదు. ముడిపొడిని తూచి కలిపే వ్యక్తికి మాత్రమే అది నేరుగా తగులుతుంది. కర్మాగారాల్లో అలాంటి బల్లలకు మూత, పీల్పుడు ఏర్పాటు ఉండాలి.

బంధం తెగేది మంటల్లో. సుమారు 300 డిగ్రీలు దాటాక రెసిన్ విచ్ఛిన్నమై హైడ్రోజన్ బ్రోమైడ్ అనే ఘాటైన ఆమ్ల వాయువు వెలువడుతుంది. నియంత్రణ లేని బహిరంగ మంటలో బ్రోమిన్ కలిసిన డయాక్సిన్లు, ఫ్యురాన్లు పుడతాయి. పలక అంచుల కత్తిరింపుల్లో రాగి ఉంటుంది గనుక తుక్కు బజారులో వాటికి ధర పలుకుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో బోర్డులను కాల్చి లోహం తీసే అనధికార వృత్తి రామగంగ ఒడ్డున నల్లబూడిద గుట్టలను మిగిల్చింది. ఆ వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. కర్మాగారం లోపల ఎంత జాగ్రత్త తీసుకున్నా, కత్తిరింపులు అధీకృత పునఃచక్రీయ సంస్థకు కాక లారీ తుక్కు వ్యాపారికి చేరితే, ప్రమాదం చిరునామా మార్చుకుంటుంది, అంతే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు దీనికోసమే ఉన్నాయి.

బ్రోమిన్ లేని పలకలూ ఉన్నాయి. బ్రోమిన్, క్లోరిన్ ఒక్కొక్కటి 900 పీపీఎం, రెండూ కలిపి 1,500 పీపీఎం మించకపోతే అంతర్జాతీయ ప్రమాణం వాటిని హాలోజన్ రహితమని అంగీకరిస్తుంది. వాటిలో మంటను ఆపే పని ఎక్కువగా ఫాస్ఫరస్ సమ్మేళనాలది. కాల్చినప్పుడు వెలువడే వాయువుల దృష్ట్యా ఇవి మెరుగు. కానీ రెసిన్ ఎపాక్సీయే అయితే ప్రీప్రెగ్ దశలో చర్మానికి ఉన్న ముప్పు ఏమాత్రం తగ్గదు. ‘హాలోజన్ రహితం’ అన్న ముద్ర చూసి తొడుగు తీసివేస్తే లాభం లేదు.

పత్రం ఏ భాషలో ఉంది?

ప్రతి రసాయనానికీ 16 విభాగాలతో కూడిన భద్రతా సమాచార పత్రం ఉంటుంది. గట్టిపడిన పలక విషయంలో ఒక మెలిక ఉంది. అది రసాయనం కాదు, తయారైన వస్తువు గనుక పత్రం అక్కర్లేదని కొందరు సరఫరాదారులు వాదిస్తారు. అమెరికా నిబంధనల్లో అలాంటి మినహాయింపు నిజంగానే ఉంది. కానీ మామూలు వాడకంలో హానికర పదార్థం వెలువడకపోతేనే అది వర్తిస్తుంది. కోయడం, తొలవడం కోసమే కొనే పలకకు ఆ వాదన నిలవదు.

మన దేశంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 14వ సెక్షన్ ప్రకారం, తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారాన్ని యాజమాన్యం నుంచి పొందే హక్కు ప్రతి ఉద్యోగికీ ఉంది. ఆ కోడ్‌కు ముందున్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ 1987 సవరణ ద్వారా ఇలాంటి హక్కు చేరింది. రసాయనాల వల్ల కలిగే చర్మశోథ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తివ్యాధుల జాబితాలో ఉంది. హక్కు కాగితంపై స్పష్టమే. పత్రం మాత్రం చాలావరకు ఇంగ్లిషులో, ఒక్కోసారి చైనీస్ భాష నుంచి యంత్రం అనువదించిన ఇంగ్లిషులో వస్తుంది. పేర్చే బల్ల దగ్గర నిలబడేది మాత్రం తెలుగు, తమిళం, ఒడియా, హిందీ మాట్లాడేవారు. పత్రం మొత్తం అనువదించడం భారమైతే, ప్రమాదాలు చెప్పే 2వ విభాగం, ప్రథమ చికిత్స చెప్పే 4వ విభాగం, తొడుగులు, ముసుగులు, గాలి హద్దులు చెప్పే 8వ విభాగం - ఈ మూడూ పనివారి భాషలో గోడమీద ఉన్నా చాలు.

3వ విభాగం పదార్థాల పేర్లు చెబుతుంది. వేళ్ల మీద పొక్కులతో చర్మవైద్యుల దగ్గరకు వెళ్లేవారు దాని నకలు వెంట తీసుకుపోవడం ఉపయోగకరం. వీపు మీద చిన్న పట్టీలతో చేసే ప్యాచ్ పరీక్షలో వాడే భారతీయ ప్రామాణిక శ్రేణిలో ఎపాక్సీ రెసిన్ ఉంది. ఫలితాన్ని రెండు రోజుల తరువాత ఒకసారి, ఆపైన మళ్లీ ఒకసారి చూస్తారు. రోగి చేసే పని ఏమిటో వైద్యులకు తెలియకపోతే ‘సబ్బు మార్చండి’ అన్న సలహాతో, పూత మందుతో ఇంటికి తిరిగివచ్చి, మర్నాడు మళ్లీ అదే బల్ల దగ్గర నిలబడటం జరుగుతుంది.